స్మార్ట్ టెలిస్కోప్ కొనాలా వద్దా: ఓరుగల్లు డాబా మీద నిలబడి లెక్క వేసుకునే పద్ధతి

టెలిస్కోపు, కెమెరా, దాన్ని తిప్పే మోటార్లు, ఫోకస్ చేసే మోటారు, చిన్న కంప్యూటరు, బ్యాటరీ, అన్నీ ఒకే డబ్బాలో పెట్టి అమ్ముతున్నదాన్నే ఇప్పుడు స్మార్ట్ టెలిస్కోప్ అంటున్నాం. ఫోన్‌లో యాప్ తెరిచి ఓరియన్ నెబ్యులా అని నొక్కితే చాలు. ముందు ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, అందులోని చుక్కల అమరికను తన దగ్గరున్న నక్షత్ర పటంతో పోల్చి తానెటు చూస్తున్నదో కనిపెడుతుంది. దీన్నే ప్లేట్ సాల్వింగ్ అంటారు. తర్వాత అటు తిరిగి, ఫోకస్ చేసుకుని, పది పది సెకన్ల ఫొటోలు వరసగా తీస్తూ ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతుంది. నిమిషాలు గడిచేకొద్దీ మీ ఫోన్ తెర మీద ఆ ధూళిమేఘం తేలుతూ వస్తుంది.

యూనిస్టెల్లార్ కంపెనీ వాళ్ల ఈవీస్కోప్ అనే స్మార్ట్ టెలిస్కోప్ 2017లో జనం నుంచి ముందస్తు డబ్బు సేకరించి మొదలైనప్పుడు ఇది డబ్బున్నవాళ్ల వస్తువు. 2023లో జడ్‌డబ్ల్యూఓ కంపెనీ సీస్టార్ ఎస్50ని 500 డాలర్ల దరిదాపుల్లో తెచ్చేసరికి లెక్క మారిపోయింది. ఇప్పుడు హనుమకొండలో ఉద్యోగం చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు కూడా "తీసుకోవచ్చా అన్నా" అని అడుగుతున్నారు. నా మాట సూటిగా చెప్తా: వస్తువు మంచిదే. కానీ దాని విలువ డబ్బా మీద రాసిన స్పెసిఫికేషన్లలో లేదు. మీరు ఏం చూడాలనుకుంటున్నారు, ఏడాదికి ఎన్ని రాత్రులు దాన్ని బయటికి తీస్తారు, ఈ రెండింట్లోనే ఉంది. అందుకే కొనేముందు కింది పనులు ఒక్కొక్కటిగా చేయండి.

మొదటి పని: మీకు కావాల్సింది కంటితో చూడటమా, ఫొటోనా?

చాలా స్మార్ట్ టెలిస్కోపుల్లో కన్ను పెట్టి చూసే ఐపీస్ ఉండదు. అంతా ఫోన్ తెర మీదే. శనిగ్రహం వలయాన్ని స్వయంగా కంటితో చూసినప్పుడు నోట మాట రాని ఆ క్షణం కావాలనుకుంటే ఈ డబ్బా అది ఇవ్వదు. దానికి 8 అంగుళాల డాబ్సోనియన్ (చేత్తో తిప్పుకుని కన్ను పెట్టి చూసే సాదా అద్దం టెలిస్కోపు) సరైనది. దాని అద్దం 203 మిల్లీమీటర్లు, ఎస్50 లెన్స్ 50 మిల్లీమీటర్లు. వెలుతురు పట్టే శక్తిలో పదహారు రెట్ల తేడా.

గ్రహాల ఫొటోలే మీ ఆశ అయితే కూడా ఆగండి. ఎస్50లో ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి వెలుతురు ఒక చోట చేరే దూరం) 250 మిల్లీమీటర్లు, సెన్సర్ పిక్సెల్ 2.9 మైక్రాన్లు. లెక్క కడితే ఒక్కో పిక్సెల్‌లో సుమారు 2.4 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) ఆకాశం పడుతుంది. గురుడు మనకు దగ్గరగా ఉన్నప్పుడు కూడా 45 ఆర్క్‌సెకన్ల చుట్టుపక్కలే ఉంటాడు. అంటే ఫొటోలో అడ్డంగా ఓ పందొమ్మిది పిక్సెళ్లు. ఉపగ్రహాలు చుక్కల్లా కనబడతాయి, గురుడు మాత్రం తెల్లటి చిన్న బిళ్ల. శని కూడా అంతే, వలయం ఉందని తెలుస్తుంది, అందులో చీలిక కనబడదు. ఎవరైనా ఇదే డబ్బాతో గురుడి పట్టీలు, ఎర్ర మచ్చ స్పష్టంగా వస్తాయని చెబితే నమ్మి డబ్బు పెట్టకండి.

చంద్రుడు బాగా వస్తాడు, ఏడెనిమిది వందల పిక్సెళ్ల వెడల్పు ఉంటాడు కాబట్టి బిలాలు చక్కగా తెలుస్తాయి. లెన్స్ ముందు సూర్యుడి కోసం చేసిన ఫిల్టర్ పెట్టుకుంటే సూర్యుడి మచ్చలు రోజూ ఎలా జరుగుతున్నాయో చూడొచ్చు. ఆ ఫిల్టర్ లేకుండా ఒక్క క్షణం కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు, సెన్సర్ మాడిపోతుంది. అయితే ఈ వస్తువు అసలు సత్తా నెబ్యులాలు, నక్షత్ర గుచ్ఛాలు, పెద్ద గెలాక్సీలు, తోకచుక్కల దగ్గరే. మీ మనసు వీటి మీద ఉంటేనే తర్వాతి పనికి వెళ్లండి.

రెండో పని: మీ రాత్రులు లెక్కపెట్టండి

దీన్ని ఎవరూ చేయరు, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది ఇదే. గోడకున్న క్యాలెండర్ తీసుకోండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానలు, మబ్బులు. మధ్యలో ఓ రాత్రి తెరిపిచ్చినా దాని మీద ఆశ పెట్టుకోలేం. మిగిలింది దసరా తర్వాత నుంచి ఏప్రిల్ దాకా, సుమారు ఏడు నెలలు. అందులో వెన్నెల రాత్రులు తీసేయండి. మామూలుగా బహుళ అష్టమి దాటాక అర్ధరాత్రి వరకు చీకటి దొరుకుతుంది, అమావాస్య దాటి శుద్ధ తదియ, చవితి దాకా సాయంత్రాలు పనికొస్తాయి. అంటే నెలకు ఓ పది రాత్రులు. వాటిలో పొద్దున ఆఫీసు ఉన్నవి, పెళ్లిళ్లు, ఊరికి పోయే రోజులు, మంచు పొగ కమ్మిన రాత్రులు తీసేస్తే నాలుగు మిగులుతాయి. నాలుగు ఏడులు ఇరవై ఎనిమిది. రాత్రికి మూడు గంటలు వేసుకుంటే ఏడాదికి 84 గంటలు.

ఇప్పుడు ధరతో కలపండి. ఉదాహరణకు అన్నీ కలిపి 60 వేలు అయిందనుకుందాం, మూడేళ్లు వాడారనుకుందాం. 252 గంటలకు భాగిస్తే గంటకు 238 రూపాయలు పడుతుంది. నాకైతే ఇది న్యాయమైన ధరే అనిపిస్తుంది. కానీ మీరు నిజాయితీగా లెక్కపెట్టుకుంటే ఏడాదికి ఆరు రాత్రులే తేలాయనుకోండి, అదే వస్తువు గంటకు వెయ్యి రూపాయలు దాటుతుంది. అప్పుడు ఎవరి దగ్గరైనా ఉన్నదాన్ని ఓ వారాంతం అడిగి తెచ్చుకోవడం మేలు.

ఈ లెక్కలోనే స్మార్ట్ టెలిస్కోప్ బలం కూడా కనబడుతుంది. మామూలు సెటప్‌లో మౌంటు (టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు) బిగించి, ధ్రువం వైపు సరిచేసి, బరువు సమం చేసి, ఫోకస్ చూసి, గైడింగ్ (ఒక చుక్కను చూస్తూ గురి సరిచేసుకునే పని) మొదలుపెట్టేసరికి కొత్తవాళ్లకు గంట పోతుంది. మూడు గంటల్లో ఒక గంట అంటే మూడో వంతు. ఈ డబ్బా అయితే పెట్టిన ఐదు పది నిమిషాల్లో పనిలో పడుతుంది. రాత్రి తొమ్మిదింటికి అన్నం తిని డాబా ఎక్కి పదకొండున్నరకు పడుకోవాల్సిన మనిషికి ఆ గంట చాలా విలువైనది. మీరు డబ్బు పెడుతున్నది ఎక్కువగా ఆ గంటకే.

మూడో పని: రెండు మూడు అంకెలు అర్థం చేసుకోండి

ఎన్ని మెగాపిక్సెల్స్ అని అడగడం మానేసి, ఆకాశంలో ఎంత భాగం ఫ్రేములో పడుతుందని అడగండి. ఎస్50లో సుమారు 0.7 డిగ్రీలు ఒకవైపు, 1.3 డిగ్రీలు ఇంకోవైపు. నిండు చంద్రుడు అర డిగ్రీ కాబట్టి హాయిగా పడతాడు. ఓరియన్ నెబ్యులా ఒక డిగ్రీకి పైనే ఉంటుంది, అంచులు కొంచెం తగులుతాయి. మన ఊళ్లల్లో పిల్లలకోడి అని పిలిచే కృత్తికలు రెండు డిగ్రీల దాకా పరుచుకుని ఉంటాయి, ఆండ్రోమెడా గెలాక్సీ మూడు డిగ్రీలు. ఈ రెండూ ఒక్క ఫ్రేములో పట్టవు. మొజాయిక్ మోడ్‌లో ముక్కలుగా తీయాలి, దానికి సమయం అంతకంత పెరుగుతుంది. 150 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న సీస్టార్ ఎస్30, డ్వార్ఫ్ 3 లాంటివి ఇంకా వెడల్పుగా చూస్తాయి. ఇలాంటి పెద్ద వస్తువులకు అవే నయం, పైగా బరువు తక్కువ. బదులుగా చిన్న గెలాక్సీలు, రింగ్ నెబ్యులా లాంటివి మరీ చిన్నగా వస్తాయి. లెన్స్ కూడా 30, 35 మిల్లీమీటర్లే. 50కి 30కి మధ్య తేడా చిన్నగా అనిపిస్తుంది కానీ వైశాల్యంలో అది 2.8 రెట్లు.

ఇంకో పక్క సెలెస్ట్రాన్ ఆరిజిన్ ఉంది. 152 మిల్లీమీటర్ల వెడల్పు, ఎఫ్/2.2 (అంటే వెలుతురు త్వరగా పోగుచేసేది), 2024లో వచ్చినప్పుడు 4,000 డాలర్ల దగ్గర. పెద్ద బడి, క్లబ్బు లాంటివి నలుగురూ కలిసి కొనుక్కునే వస్తువు అది. ఒక ఇంటికి నేను చెప్పను.

సమయం గురించి ఒక్క మాట. ఫొటోలో గరగర (నాయిస్) తగ్గడమనేది పేర్చిన ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం లెక్కన నడుస్తుంది. గంట తీసినదానికంటే రెట్టింపు శుభ్రంగా కావాలంటే నాలుగు గంటలు తీయాలి. పది నిమిషాలకోటి చొప్పున రాత్రికి పదిహేను వస్తువులు తిప్పేవాళ్లకు వారానికే విసుగొస్తుంది, ఒకే వస్తువు మీద మూడు రాత్రులు కూర్చునేవాళ్లకు ఈ చిన్న డబ్బానే అబ్బురపరిచే ఫొటోలు ఇస్తుంది. గాలి, కదలిక వల్ల కొన్ని ఫ్రేములు అది పక్కన పడేస్తుంది కూడా, కాబట్టి గడియారంలో గంట గడిస్తే పేర్చింది నలభై నిమిషాలే ఉండొచ్చు.

నాలుగో పని: మన అక్షాంశానికి సరిపోతుందో చూడండి

యూట్యూబ్‌లో చూసే రివ్యూలు చాలావరకు అమెరికా, యూరప్ వాళ్లవి. వాళ్లు 40, 50 డిగ్రీల అక్షాంశంలో ఉంటారు, వరంగల్ 18 డిగ్రీల దగ్గర ఉంది. ఈ తేడా వల్ల మూడు సంగతులు మారతాయి.

ఒకటి, నడినెత్తి సమస్య. మామూలుగా ఈ టెలిస్కోపులు పక్కకు, పైకి అని రెండు దిశల్లో తిరుగుతాయి. వస్తువు సరిగ్గా నెత్తి మీదికి వచ్చినప్పుడు దాన్ని వెంబడించడం ఈ పద్ధతిలో కష్టం. చిత్రంలో ఆకాశం గిర్రున తిరిగిపోయి ఫ్రేములు వృథా అవుతాయి. లండన్‌లో ఉన్నవాళ్లకు కృత్తికలు, క్రాబ్ నెబ్యులా, బీహైవ్ గుచ్ఛం, డంబెల్ నెబ్యులా నెత్తికి చాలా దూరంగా పోతాయి, మనకు మాత్రం ఇవన్నీ 84 నుంచి 88 డిగ్రీల ఎత్తుకు వస్తాయి. పరిష్కారం తేలికే. అవి నెత్తి మీదికి రాకముందు ఓ రెండు గంటలు, లేదా దాటిన రెండు గంటల తర్వాత తీయండి, అప్పుడు 60 డిగ్రీల దగ్గర ఉంటాయి. స్టెల్లేరియం యాప్‌లో మీ ఊరు పెట్టుకుని చూస్తే ఏ నెల ఏ గంటకు ఏది ఎక్కడుంటుందో తెలిసిపోతుంది.

రెండోది ఈక్వటోరియల్ మోడ్. టెలిస్కోపును ధ్రువం వైపు వంచి పెడితే ఆకాశం తిరిగే తీరులోనే అదీ తిరుగుతుంది, 20, 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు నిలుస్తాయి, మూలలు కోసుకుపోవు. కానీ మన దగ్గర ధ్రువ నక్షత్రం నేలకు 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. అంటే డబ్బాను నిటారు నుంచి 72 డిగ్రీలు వంచాలి, దాదాపు పడుకోబెట్టినట్టే. పెట్టెలో వచ్చే చిన్న ట్రైపాడ్ దీనికి ఆగదు, బరువంతా ఒక పక్కకు పోయి బోర్లా పడుతుంది. గట్టి ట్రైపాడ్, వంపు సరిచేసే గట్టి హెడ్ విడిగా కొనాలి. ఆ ఖర్చు మొదటిరోజే మీ లెక్కలో రాసుకోండి. బరువు పడే వైపు ఒక కాలు ఉండేలా పెట్టి, కింద ఇసుక సంచి వేలాడదీయండి. ధ్రువ నక్షత్రం పక్కింటి రెండో అంతస్తు వెనక దాగినా భయం లేదు, ఈ యాప్‌లు వేరే చోట చుక్కల ఫొటోలు తీసుకునే వంపు ఎంత తప్పిందో చెప్పగలవు.

మూడోది మనకు వరం. ఒమెగా సెంటారీ అనే మహా గోళాకార గుచ్ఛం లండన్ వాళ్లకు అసలు ఉదయించదు, మనకు 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. లగూన్, ట్రిఫిడ్ నెబ్యులాలు దాదాపు 48, 49 డిగ్రీలకు. దక్షిణం వైపు చెట్లు, గోడలు లేని చోటు మీకు ఉంటే ఈ పెట్టుబడి విలువ అక్కడే సగం పెరుగుతుంది.

ఐదో పని: వెలుతురు, మంచు, ఎండ

హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడూ కలిసిపోయి రాత్రి ఆకాశం తెల్లబారింది. ఎస్50 లోపల ఉండే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్ త్రీ వెలుతురును మాత్రం వదిలి మిగతాది ఆపుతుంది. అందుకే ఊరి నడుమ డాబా మీద నుంచి కూడా ఓరియన్, రోజెట్, ఈగల్, లగూన్, వెయిల్ లాంటి వెలిగే వాయు మేఘాలు బాగా వస్తాయి. గెలాక్సీలకు, కృత్తికల చుట్టూ ఉండే నీలి ధూళికి ఆ ఫిల్టర్ పనిచేయదు, ఎందుకంటే వాటి వెలుతురు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఎల్ఈడీ వీధి దీపాలదీ అంతే. వాటి కోసం ఊరు దాటాలి. నర్సంపేట దాటి పాకాల వైపు, ములుగు దాటి తాడ్వాయి వైపు పోతే ఆకాశమే వేరుగా ఉంటుంది. అభయారణ్యంలోకి రాత్రిపూట అనుమతి లేకుండా పోవద్దు, తెలిసినవాళ్ల పొలమో, చుట్టాల ఇల్లో చూసుకోండి. మేడారం జాతర ఉన్న ఏడాది మాఘమాసంలో అటువైపు అసలు ఆలోచించకండి, అది పౌర్ణమి దగ్గరే వస్తుంది కాబట్టి ఎలాగూ వెన్నెలే. రామగుండం, భూపాలపల్లి పక్కన ఉండేవాళ్లకు పవర్ ప్లాంటు దీపాలు, బొగ్గు దుమ్ము రెండూ ఉంటాయి. లెన్స్ మీద మూత ఎప్పుడు తీయాలో ఎప్పుడు పెట్టాలో కచ్చితంగా ఉండండి, బట్టతో రుద్దకండి, ముందు గాలి బ్లోయర్‌తో ఊదాలి.

డిసెంబరు, జనవరిలో చెరువు కింద వరి నాట్లున్న చోట అర్ధరాత్రికే అన్నీ తడిసిపోతాయి. యాప్‌లో మంచు హీటర్ ఆన్ చేసుకోవాలి. అది బ్యాటరీని తింటుంది, ఓ మంచి పవర్ బ్యాంకు దగ్గర పెట్టుకోండి.

వేసవి సంగతి వేరు. ఈ సెన్సర్లకు చల్లబరిచే ఏర్పాటు లేదు. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు పెరిగినప్పుడల్లా సెన్సర్‌లో వేడి వల్ల పుట్టే అనవసర సిగ్నల్ రెట్టింపవుతుంది. డిసెంబరు రాత్రికీ మే రాత్రికీ మనకు 15 డిగ్రీల తేడా తేలిగ్గా ఉంటుంది, అంటే నాలుగు రెట్లకు పైనే. పాలపుంత నడిబొడ్డు బాగా కనబడేదేమో ఏప్రిల్, మేలలో. అందుకే తెల్లవారుజామున రెండు దాటాక, డాబా కాస్త చల్లబడ్డాక తీయండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం దీన్ని ఎప్పుడూ వదిలేయకండి, లోపలున్నది లిథియం బ్యాటరీ.

ఆరో పని: అదే డబ్బుకు ఇంకేం వస్తుందో పక్కన పెట్టి చూడండి

కెమెరా, లెన్సు, మౌంటు, గైడ్ కెమెరా అన్నీ కొత్తగా కొనాలంటే ఈ ధరలో రావు, ఆ పోలిక వదిలేయండి. అసలు పోటీ ఎక్కడుందంటే, ఫొటోగ్రఫీ చేసేవాళ్ల ఇంట్లో ఇప్పటికే డీఎస్ఎల్ఆర్, ఓ 135 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్నచోట. అప్పుడు ఒక్క స్టార్ ట్రాకర్ (ఆకాశం తిరిగే వేగంతో కెమెరాను తిప్పే చిన్న మోటారు పరికరం) కొంటే సరిపోతుంది. ఆ కెమెరా సెన్సర్ వైశాల్యం ఎస్50 సెన్సర్ కంటే సుమారు ఇరవై రెట్లు. ఆండ్రోమెడా గెలాక్సీ, పెద్ద నెబ్యులాలు ఒక్క ఫ్రేములో వస్తాయి. పైగా ఆ కెమెరా పెళ్లి ఫొటోలకూ పనికొస్తుంది, భాగాలు ఒక్కొక్కటిగా మార్చుకోవచ్చు. అయితే మామూలు డీఎస్ఎల్ఆర్ లోపలి ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపును చాలావరకు ఆపేస్తుంది, నెబ్యులాలు పాలిపోయి వస్తాయి. నేర్చుకునే ఓపిక కూడా కావాలి. నేర్చుకోవడమే మీకు ఆనందమైతే ట్రాకర్ కొనండి, ఫలితం మీద మనసుంటే స్మార్ట్ టెలిస్కోప్ కొనండి. నాకు రెండూ గౌరవమైన దారులే.

ఏడో పని: కొనకముందే దాని ఫొటోలను మీ చేత్తో ప్రాసెస్ చేయండి

ఇది ఉచితం, ఎవరూ చేయరు. ఈ టెలిస్కోపులు ఒక్కో ఫ్రేమును ఫిట్స్ అనే ముడి ఫొటో ఫైలుగా దాచిపెడతాయి. వాడేవాళ్లలో ఎవరినైనా ఓ రాత్రి ఫైళ్లు అడిగితే సంతోషంగా ఇస్తారు. సిరిల్, గ్రాక్స్‌పర్ట్ అనే రెండు ఉచిత సాఫ్ట్‌వేర్లు మీ కంప్యూటర్లో వేసుకుని, ఆ ఫ్రేములు పేర్చి, ఊరి వెలుతురు మరకలు తీసి, రంగులు సరిచేసి చూడండి. రెండు సాయంత్రాలు పడుతుంది. ఆ పనిలో మీకు హుషారు పుట్టిందంటే ఈ వస్తువు మీ ఇంట్లో మూలన పడదు. విసుగొచ్చిందంటే యాప్ తానే తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫొటోతో మీరు తృప్తి పడతారా అని అడగండి. పడతామంటే అదీ తప్పేం కాదు. ప్రకటనల్లో కనబడే ఫొటోలు గంటల తరబడి తీసి, తర్వాత ఓపికగా దిద్దినవి. మీ డాబా మీద అరగంటలో వచ్చేది అలా ఉండదు.

ఎనిమిదో పని: కొనడం

డాలర్ ధరను రూపాయల్లోకి మార్చి అదే ధర అనుకోకండి. కస్టమ్స్ సుంకం, జీఎస్టీ, డీలర్ లాభం కలుస్తాయి. విదేశం నుంచి చుట్టాలతో తెప్పించుకుంటే చవకే, కానీ పాడైతే వారంటీ ఎవరిస్తారో ముందే తేల్చుకోండి. ఇది సీలు వేసిన డబ్బా, మోటారు పోతే మన ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉండరు. అందుకే నా సలహా, రెండు మూడు వేలు ఎక్కువైనా జీఎస్టీ బిల్లు ఇచ్చే దేశీ డీలర్ దగ్గరే తీసుకోండి. వారంటీ ఎన్ని నెలలు, రిపేరుకు ఎక్కడికి పంపాలి, పంపే ఖర్చు ఎవరిది, సూర్యుడి ఫిల్టర్ పెట్టెలోనే వస్తుందా అనేవి రాతపూర్వకంగా అడగండి. సెకండ్ హ్యాండ్ అయితే పాత ఓనరు అకౌంటు నుంచి దాన్ని విడిపించారో లేదో మీ కళ్ల ముందే చూసుకోవాలి.

తొమ్మిదో పని: వాపసు గడువు అయిపోకముందే పరీక్షించండి

కొనడానికి అమావాస్య ముందు వారం ఎంచుకోండి, వానాకాలంలో కొంటే పరీక్షించే అవకాశమే ఉండదు. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. ఇంట్లో వైఫై ఉండగానే యాక్టివేషన్, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ముగించేయండి, పొలం కాడ సిగ్నల్ లేక ఆగిపోకుండా. మొదటి రాత్రి ఏదైనా నక్షత్ర గుచ్ఛం అరగంట తీసి, చివరి ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. మధ్యలో గుండ్రంగా ఉన్న చుక్కలు ఒక్క మూలలోనే సాగినట్టు కనబడితే లెన్స్ అమరికలో తేడా ఉన్నట్టు. అన్ని చోట్లా ఒకే దిశలో సాగితే అది ట్రాకింగో, ట్రైపాడ్ కదలికో అయ్యుంటుంది, గట్టి నేల మీద పెట్టి మళ్లీ తీయండి. ఆటోఫోకస్ మూడుసార్లు చేయించి, మూడుసార్లూ దాదాపు ఒకే అంకె దగ్గర ఆగుతుందో లేదో చూడండి. రెండో రాత్రి హీటర్ ఆన్‌లో పెట్టి ఫుల్ ఛార్జింగ్ ఎన్ని గంటలు వచ్చిందో రాసుకోండి. మోటార్లు తిరిగేటప్పుడు కీచుమని శబ్దమో, ఒక చోట ఆగి ఆగి పోవడమో ఉంటే ఫోన్లో రికార్డు చేసి, బిల్లు నంబరుతో సహా డీలర్‌కు అదే రోజు మెయిల్ పెట్టండి, ఫోన్ మాట మీద వదిలేయకండి.